పసుపు బెల్టూ పప్పు మరకా

నిన్న మా చిన్నదానికి కరాటేలో పసుపు బెల్టు వచ్చింది. ఇంటికొచ్చినా విప్పదే! అన్నం కూడా దానితోనే తింది. పప్పు ఒలికింది. ఉతుకుదామని తీయబోతే "వద్దు నాన్నా, ఉతక్కపోతేనే బ్లాక్ బెల్టు అవుతుంది" అంది.

నవ్వాగలేదు. నా చిన్నప్పుడు మా మాస్టారు చెప్పిందీ ఇదే. పూర్వం తెల్ల బెల్టే చెమటకీ మట్టికీ మాసి మాసి నల్లబడేదట. ముప్ఫై ఏళ్లు నమ్మాను మరి.

నిజానికి జపాన్ దీవి ఒకినావాలో కరాటే పుట్టిన రోజుల్లో అసలు బెల్టులే లేవు. దాన్ని అక్కడ 'తె' అనేవారు, అంటే చెయ్యి. చైనా విద్యలు కలిసినందుకు 'చైనా చెయ్యి' అనే అర్థంలో 'కరాటే' అని రాసేవారు. పలుకు అలాగే ఉంచి, రాత మార్చి 'ఖాళీ చెయ్యి' చేసింది చాలా తర్వాత.

బెల్టు మాత్రం జూడో దగ్గర తెచ్చుకున్న అప్పు. 1880లలో జూడో మూలపురుషుడు కానో జిగోరో తన శిష్యులకు దాన్ పద్ధతి, అంటే పై స్థాయి వాళ్లకిచ్చే మెట్లు, పెట్టాడు, బ్లాక్ బెల్టూ అక్కడిదే. ఒకినావా నుంచి 1922లో టోక్యో వెళ్లి కరాటే చూపించిన ఫునకోషి గిచిన్, 1924లో తన శిష్యులకు మొదటిసారి దాన్‌లు ఇచ్చాడు. తమాషా ఏంటంటే, ఇచ్చినాయనకే అప్పటికి ఏ దాన్ లేదు! ఇక ఈ రంగురంగుల బెల్టులకి ఊపు తెచ్చింది 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి.

ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. సగంలోనే "సరే, ఉతికెయ్" అని బెల్టు చేతిలో పెట్టి పోయింది. తీరా చూస్తే పప్పు మరక ఎక్కడుందో కనబడదు, పసుపులో కలిసిపోయింది.