మోషీలో ఒక తరగతి

కిలిమంజారో పర్వతం కింద ఉన్న మోషీ పట్టణంలో, టాంజానియా ఇమ్మిగ్రేషన్ శిక్షణ అకాడమీ ఆవరణలో, అంతర్జాతీయ వలసల సంస్థ 2009లో నెలకొల్పిన ఆఫ్రికా శిక్షణ కేంద్రం నడుస్తోంది. ఈ రోజు ఉదయమంతా అక్కడి తరగతిలో వెనక వరుసలో కూర్చున్నాను.

పాఠం పాస్‌పోర్టుల పరిశీలన గురించి. ఫొటో ఉన్న పేజీ అడుగున 44 అక్షరాల చొప్పున రెండు వరుసలుంటాయి. వాటిలో పాస్‌పోర్టు నంబరు వెంటనే ఒక తనిఖీ అంకె వస్తుంది. నంబరులోని ఒక్కో అంకెను వరుసగా 7, 3, 1తో గుణించి, కూడి, 10తో భాగిస్తే మిగిలే శేషం ఆ అంకెతో సరిపోవాలి. వివిధ దేశాల అధికారులు కాగితం మీద లెక్క కట్టి, నకిలీ నమూనాలో అది కుదరకపోయేసరికి ముసిముసిగా నవ్వుకున్నారు. అతినీలలోహిత దీపం కింద అసలు కాగితం మసకగానే ఉండిపోయి, బజారు కాగితం నీలంగా వెలగడం కూడా చూశారు. పాఠం బాగానే సాగింది, కాదనను.

అయినా నాకు తృప్తి కలగలేదు. వలస పాలకులు గీసిన గీతలనే స్వతంత్ర దేశాలు 1964లో కైరోలో సరిహద్దులుగా ఒప్పుకున్నాయి కాబట్టి, మసాయిల వంటి జాతులు కెన్యా, టాంజానియాల మధ్య చీలిపోయే ఉన్నాయి. సంతకో, బంధువుల ఇంటికో నడిచి గీత దాటే మనుషుల దగ్గర దీపం కింద పెట్టి చూడడానికి పాస్‌పోర్టే ఉండకపోవచ్చు. ఆఫ్రికన్ యూనియన్ 2018లో ఆమోదించిన స్వేచ్ఛా సంచార ఒప్పందం 15 దేశాలు ధ్రువీకరిస్తే గాని అమల్లోకి రాదు; అంతవరకూ ఆ మనిషిని పంపాలా, ఆపాలా అన్నది గేటు దగ్గర నిలబడ్డ చిన్న అధికారి విచక్షణకే మిగులుతుంది.

ఆ విచక్షణకు కావలసిన చట్టం లేకపోలేదు. ఆఫ్రికా దేశాల 1969 నాటి శరణార్థుల ఒప్పందం, వ్యక్తిగతంగా వేధింపులకు గురైనవారినే కాక, దురాక్రమణ వల్లనో, శాంతిభద్రతలు తీవ్రంగా దెబ్బతినడం వల్లనో పారిపోయి వచ్చినవారిని కూడా శరణార్థులుగానే గుర్తిస్తుంది. ప్రాణానికో, స్వేచ్ఛకో ముప్పున్న చోటికి వెళ్లక తప్పని స్థితి కల్పిస్తూ వారిని సరిహద్దులోనే తిప్పి పంపకూడదని కూడా అంటుంది. కాగితాలు లేకుండా, భయంతో సరిగ్గా మాట్లాడలేని స్త్రీ ఎదురైతే ఏమి అడగాలి, ఎవరిని పిలవాలి, వెంట వచ్చినవాడిని ఎలా దూరంగా కూర్చోబెట్టాలి అన్నవి తనిఖీ అంకెలా లెక్కకు అందవు. వాటిని నటించి చూపించి, తప్పులు దిద్దుతూ నేర్పాలి.

నకిలీ పత్రాల పాఠంలో ఒక గంట తగ్గించి, ఆ సాధనకు ఇవ్వమని శిక్షకుడికి ఈ రాత్రే ఉత్తరం రాసి పెట్టాను.