పెన్ను ఇయ్యరాదు

సెప్టెంబర్ 8, రాత్రి పదిన్నర

పొద్దున లేవగానే ఇంట్లో బియ్యం లొల్లి. డబ్బా అడుగున గ్లాసు గీరుకున్న చప్పుడైంది. వెంటనే వంటింట్లోంచి మా బిడ్డ అరిచింది, "డాడీ, బియ్యం అయిపోయినయ్!" దేవుని దగ్గర దీపం ముట్టిస్తున్న మా అమ్మ అక్కడి నుంచే గుడ్లురిమింది.

"అయిపోయినయ్ అనద్దే. నిండుకున్నయ్ అనాలె. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల. బాపమ్మతో పొద్దున్నే గొడవెందుకని కిరాణా షాపుకు ఫోన్ చేసి అట్లాగే చెప్పింది. "అన్నా, మా ఇంట్ల బియ్యం నిండుకున్నయి." షాపులో కొత్తగా చేరిన పిల్లగాడు ఒక్క నిమిషం ఆలోచించినట్టున్నాడు. "నిండుకుంటే మంచిదే గదక్కా, మరి ఫోన్ ఎందుకు చేసినవ్?" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. అమ్మ తప్ప అందరం నవ్వాం.

హనుమకొండ నయీంనగర్‌లో మాది చిన్న జిరాక్స్ షాపు. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపుతాం. ఇన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాక, ఫోన్ ఎత్తగానే అవతలివాళ్ల వయసు తెలిసిపోతుంది. "బాగున్నవా, పిల్లలు మంచిగున్నరా, మీ దిక్కు వానలు పడ్డయా" అని మొదలైతే అరవై దాటినట్టే. అసలు పని ఆఖర్న వస్తుంది. "అన్నా, కలర్ ప్రింట్ ఎంత?" అని మొదలైతే ఇరవై లోపు. వీళ్లకు మర్యాద లేదని నేననను. ఫోన్ పెట్టేముందు ఈ పిల్లలు తప్పకుండా థాంక్స్ అంటారు. ఆ పెద్దవాళ్లు ఎన్నడూ అనరు.

మధ్యాహ్నం పర్వతగిరి దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మనవరాలి కాలేజీకి ఆదాయం సర్టిఫికెట్ కావాలి. భుజం మీద తువ్వాల, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డులు, రేషన్ కార్డు. ఆయన పక్కనే నిట్‌లో చదివే ఒక పిల్లగాడు ప్రాజెక్టు రిపోర్టుకు స్పైరల్ బైండింగ్ కోసం నిలబడ్డాడు. గుంటూరు వైపు అబ్బాయి. దరఖాస్తు మీద సంతకం చేయాల్సి వచ్చి పెద్దాయన ఆ అబ్బాయి వైపు తిరిగాడు.

"బిడ్డా, ఆ పెన్ను జర ఇయ్యరాదు."

ఆ అబ్బాయి చేతిలో పెన్ను వైపు ఒకసారి చూసుకున్నాడు. క్యాప్ పెట్టాడు. జేబులో పెట్టుకున్నాడు. "సారీ అండి" అని కూడా అన్నాడు.

పెద్దాయన మొహం చిన్నబోయింది. ఇంత చదువుకున్న పిల్లగాడు పెన్ను కూడా ఇయ్యడా అన్నట్టు నా దిక్కు చూశాడు. నేను నవ్వాపుకుని ఇద్దరికీ చెప్పేసరికి ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను ఇచ్చేసి, ఉంచేసుకోమన్నాడు.

ఆ అబ్బాయి తప్పేం లేదు. 'గోడల మీద ప్రకటనలు అంటించరాదు', 'పూలు కోయరాదు' అన్న బోర్డులు చదువుతూ పెరిగినవాడికి 'ఇయ్యరాదు' అంటే వద్దనే కదా. మాకు మాత్రం అది బతిమాలుడు. 'ఇయ్యి' అంటే హుకుం చేసినట్టు ఉంటుంది. 'ఇయ్యరాదు' అంటే ఇస్తే ఏం పోతది, ఇస్తే బాగుండు అని. 'జర' చేరితే ఇంకా మెత్తగా అవుతుంది. ఈ ఒక్క మాట ఉండబట్టే మా అమ్మకు జీవితంలో 'ప్లీజ్' అవసరం పడలేదు. 'దయచేసి' అన్నది ఆమె కాజీపేట స్టేషన్ మైకులో తప్ప ఎవరి నోటా విని ఉండదు.

మా బిడ్డ నోట ఈ 'రాదు' నేనెన్నడూ వినలేదు. దానిది "డాడీ, ప్లీజ్ ప్లీజ్ ప్లీజ్". నిజం చెప్పాలంటే నేనూ ఇంట్లో తప్ప అనను. షాపులో "సంతకం పెట్టండి సార్". డిగ్రీ చదివేటప్పుడు ఒకాయన నా మాట విని పదిమందిలో నవ్వాడు, అప్పటి నుంచి నాలిక దానంతటదే గేరు మార్చుకుంటుంది.

అదే టైముకు బిడ్డ నా టిఫిన్ బాక్సు పట్టుకొచ్చి కౌంటర్ దగ్గర నిలబడింది. పెద్దాయన రసీదు మడిచి కవర్లో పెట్టుకుని, నాకు రెండు చేతులు జోడించి, నడుము కొంచెం వంచి "నీ బాంచెన్ బిడ్డా, పని జేసిపెడితివి" అన్నాడు. "గట్లనకు కాకా" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. అలవాటు.

ఆయన మెట్లు దిగాక బిడ్డ అడిగింది, "డాడీ, బాంచెన్ అంటే థాంక్సా?"

అవునని చెప్పలేకపోయాను. బాంచ అంటే బానిస. దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకుని 'నీ బాంచెన్, కాల్మొక్త' అన్న రోజుల మాట అది. ఆ మర్యాదను దొరలు పన్ను వసూలు చేసినట్టు వసూలు చేశారు. పాలకుర్తి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు తిరిగి తన పంట కాపాడుకున్న కథ చెప్పాను, 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం గురించి చెప్పాను. ఈ పెద్దాయనకు డెబ్బై ఉంటాయేమో. పోరాటం ముగిశాక పుట్టినవాడే. అయినా ఆ మాట తండ్రి నోట్లోంచి ఈయన నోట్లోకి వచ్చి కూర్చుంది. మా బాపు ఉన్నప్పుడు ఇంట్లో ఎవరన్నా సరదాకు 'బాంచెన్' అన్నా ఊరుకునేవాడు కాదు. 'నిండుకున్నయ్' పోతే నాకు బాధే. 'బాంచెన్' పోతే పీడ పోయింది.

అన్నం తిని అమ్మకు ఫోన్ చేశాను. "పప్పు మంచిగైందమ్మా, థాంక్స్." ఎందుకన్నానో తెలియదు, పొద్దటి నుంచి తలలో అవే మాటలు తిరుగుతున్నాయి గదా. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. "ఏందిరా, లెక్క సక్క జేస్తున్నవా?" అంది. బాకీ తీర్చి చేతులు దులుపుకున్నట్టు వినిపించింది ఆమెకు. ఎవరన్నా మేలు చేస్తే అమ్మ అనేది "నీ కడుపు సల్లగుండ" అని. ఆ బాకీ దేవుడే తీర్చాలి, మనతో అయ్యేది కాదు.

సాయంత్రం కాలేజీ పిల్లలు ఒక ఆహ్వానం రెండు వందల కాపీలు తీయించుకుపోయారు. రేపు ప్రజాకవి కాళోజీ పుట్టినరోజు, ఆయన 1914లో పుట్టారు. తెలంగాణ భాషా దినోత్సవం అని సభ పెట్టుకున్నారట. మిగిలిన కాగితం ఒకటి ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. 'తామెల్లరు విచ్చేసి సభను జయప్రదం చేయవలసిందిగా ప్రార్థన.'

"గిదెవల భాషరా?" అంది అమ్మ. "అందరు రారాదుండ్రి అంటే రారా?"

బియ్యం రాత్రి ఎనిమిదికి వచ్చాయి. పొద్దున ఫోన్‌లో మాట్లాడిన పిల్లగాడే ఇరవై ఐదు కిలోల బస్తా భుజాన మోసుకుని మెట్లెక్కాడు. బిడ్డ "థాంక్స్ బ్రో" అంది. అమ్మ "సల్లగుండు బిడ్డా, నీళ్లు తాగు" అని చెంబు చేతికిచ్చింది. వాడు గటగటా తాగి, మూతి తుడుచుకుని, చెంబు తిరిగిచ్చాడు.

"అవ్వా, మళ్ల నిండుకున్నంక ఫోన్ చెయ్యి" అని మెట్లు దిగిపోయాడు.