చిన్న కాలి కొస, పోయిన బహుమతి

ఫొటో జర్నలిజం నేర్చుకునేవాళ్లకు గెలిచిన ఫొటోల కంటే బహుమతి పోగొట్టుకున్నవే ఎక్కువ నేర్పుతాయనిపిస్తుంది.

1955లో నెదర్లాండ్స్‌లో మొదలైన వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీనే తీసుకోండి. 2010లో కీవ్ వీధి పోరాటాల సిరీస్‌కు స్పోర్ట్స్ ఫీచర్స్‌లో మూడో బహుమతి వచ్చింది. అందులో చేతికి కట్టు కడుతున్న ఫొటో ఒకటి. అసలు ఫైల్‌తో పోల్చితే ఫ్రేమ్‌లో చాలా భాగం క్రాప్ అయింది, రంగు పోయి బ్లాక్ అండ్ వైట్ అయింది, గ్రెయిన్ (పాత ఫిల్మ్ ఫొటోల్లో కనిపించే గరుకు చుక్కలు) చేరింది, అంచులు నల్లబడ్డాయి. ఇవేవీ కొంప ముంచలేదు! వేళ్ల సందులోంచి వెనకాల ఎవరిదో కాలి కొస కనిపిస్తుంటే చెరిపేశారు. అంతే, బహుమతి రద్దు.

2015లో చివరి రౌండ్‌కు ముందు దాకా వచ్చిన ఎంట్రీల్లో 20 శాతం ఇలాంటి కారణాలతోనే పోయాయి. కొందరు నీడల్ని ఎంత నల్లగా చేశారంటే, అక్కడున్న వివరాలే మాయమయ్యాయి. అదీ చెరపడమే కదా.

కాబట్టి రా ఫైల్ (కెమెరా నమోదు చేసిన, ఎడిట్ చేయని అసలు ఫైల్), దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములూ డిలీట్ చేయకండి. ఫొటోలో ఒకచోటి భాగాన్ని కాపీ చేసి ఇంకోచోట కప్పే క్లోన్ టూల్‌ను కెమెరా సెన్సర్ మీది దుమ్ము మచ్చలకే వాడండి. అంచున ఉన్న అనవసర వస్తువును క్రాప్ చేయొచ్చు. మధ్యలో ఉంటే మాత్రం భరించాల్సిందే.