ఎనిమిది కుటుంబాలం కలిసి కట్టుకున్న అపార్ట్‌మెంట్: నా అనుభవం

నాగోల్ దగ్గర 580 గజాల స్థలం. కొన్నది ఎనిమిది కుటుంబాలం. ఆఫీసు స్నేహితులు, ఇద్దరు టీచర్లు, ఒక నర్సమ్మ, మా అక్కాబావలు, నేను. బిల్డర్‌కి ఇవ్వకుండా మేమే కట్టుకుందామని 2021లో అనుకున్నాం. కింద స్టిల్ట్ పార్కింగ్ (గోడలు లేకుండా స్తంభాల మీద వదిలిన బండ్ల జాగా), పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లు. ఇరవై ఏళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నానని, ఇల్లు సైట్‌కి పది నిమిషాల దూరమని లెక్కలూ పర్యవేక్షణా నాకు అప్పగించారు.

ఏ ఫ్లాట్ ఎవరిదో ప్లాన్ గీయించకముందే చీటీలు వేసి తేల్చుకున్నాం. తూర్పు, పడమర గొడవ ఆ సాయంత్రంతోనే తీరిపోయింది. ఒక్కొక్కరి పేరున 72.5 గజాల అవిభాజ్య వాటా (హద్దులు గీసి విడదీయని ఉమ్మడి వాటా) రిజిస్టర్ అయింది. స్థలం 500 చదరపు మీటర్లు దాటలేదు (580 గజాలంటే దాదాపు 485), ఫ్లాట్లు ఎనిమిది దాటలేదు కాబట్టి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ అవసరం పడలేదు. కానీ ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటి ఉంది: కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టుకే వాడాలి. మేం మొత్తం డబ్బుకీ అదే పద్ధతి పెట్టుకున్నాం. జాయింట్ ఖాతా, ఇద్దరి సంతకాలు, ప్రతి ఆదివారం వాట్సాప్ గ్రూపులో స్టేట్‌మెంట్, బిల్లుల ఫోటోలు. రెండేళ్లలో డబ్బు గురించి ఒక్క మాట తేడా రాలేదు.

అసలు టెన్షన్ పర్మిషన్ దగ్గర మొదలైంది. బిల్డింగ్ పర్మిషన్లు ఇచ్చే ఆన్‌లైన్ వ్యవస్థ టీఎస్-బీపాస్‌లో దరఖాస్తు చేశాక తెలిసింది, కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ (తనఖా) చేయాలని. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే పత్రం) తెచ్చుకుంటేనే అది విడుదలవుతుంది. మా లెక్కలో 10 శాతమంటే దాదాపు ఒక ఫ్లాట్. ఎవరిది రాయాలి? మీటింగ్‌లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా రెండో అంతస్తు ఫ్లాట్ రాసిచ్చాను. ఇంట్లో ఆ రాత్రి చాలా మాటలు పడ్డాను. కానీ ఆ సంతకం తర్వాత సైట్‌లో ప్రతి పనినీ నేను చూసే తీరే మారిపోయింది.

2022 జనవరిలో తవ్వకం మొదలుపెట్టాం. తూర్పువైపు నాలుగడుగులకే షీట్‌రాక్ (పరుపురాయి) తగిలింది. పడమరవైపు ఎప్పుడో ఎవరో పోసిన మట్టి, ఎంత తవ్వినా వదులుగానే ఉంది. సగం పునాది రాయి మీద, సగం మట్టి మీద నిలబెడితే రేపు ఒక పక్కే కుంగి గోడలు పగులుతాయని స్ట్రక్చరల్ ఇంజినీరు గట్టిగా చెప్పారు. పడమర గుంతలన్నీ గట్టి నేల తగిలేదాకా దింపించారు. దానికి అదనంగా మూడు వారాలు, చేతిలో ఉన్న రిజర్వు డబ్బులో సగం పోయాయి. సాయిల్ టెస్ట్ (మట్టి పరీక్ష) స్థలం మధ్యలో ఒక్కచోటే చేయించాం, అది నా తప్పు. నాలుగు మూలలా చేయించి ఉంటే ఈ ఖర్చు ముందే ఎస్టిమేట్‌లో ఉండేది.

ఏప్రిల్‌లో స్టీలు టన్ను 70 వేలు దాటింది. ధర తగ్గేదాకా పని ఆపుదామని సగం మంది అన్నారు. ఆపితే సెంట్రింగ్ వాళ్లు (స్లాబ్ పోసేందుకు కింద ఆధారం కట్టేవాళ్లు) వేరే సైట్‌కి వెళ్లిపోతారు, మళ్లీ దొరకరు. అందుకని మొత్తం ఒకేసారి కొనకుండా మొదటి స్లాబ్‌కి సరిపడా మాత్రమే కొన్నాం. మే నాలుగో వారంలో కేంద్రం స్టీలు ఎగుమతులపై సుంకం వేసింది, ధరలు దిగాయి. పై స్లాబులకు ఆ మేరకు కలిసొచ్చింది.

మొదటి స్లాబ్ రోజు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ముందురోజు సాయంత్రం ఇంజినీరు పైకెక్కి ప్రతి బీమూ చూశారు. కడ్డీల కింద కవర్ బ్లాకులు (కడ్డీలను అడుగు నుంచి ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) లేనిచోట పెట్టించారు. కరెంటు పైపులు ఎక్కడెక్కడ వెళ్తున్నాయో పక్కన టేపు పెట్టి మా మేనల్లుడితో ఫోటోలు తీయించాను. ఒకసారి కాంక్రీటు పడ్డాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు. ఆ రోజు నుంచి ఏ పనైనా మూసేసే ముందు ఫోటో తీయడం మా నియమమైంది.

పొద్దున ఆరింటికి రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి లారీల్లో తెచ్చే కాంక్రీటు) రావడం మొదలైంది. నాలుగో లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా చేరింది. చలానా చూస్తే మిక్స్ లోడయి రెండున్నర గంటలు దాటింది. రెండు గంటల్లోపు ఒంపేయాలి. మాల్ అప్పటికే బిగిసింది. పాలమూరు మేస్త్రి మంచి పనివాడు, ఎండలో నిలబడి అలసిపోయి ఉన్నాడు. "సార్, జర నీళ్లు కలిపితే మంచిగ జారుతది, అందరు గిట్లనే చేస్తరు" అన్నాడు. నీళ్లు కలిపితే జారుతుంది, బలం పోతుంది. ఇంజినీరు లారీని వెనక్కి పంపమన్నారు. కంపెనీతో ఫోన్లో అరగంట వాదన. చివరికి చలానా మీద టైమే మమ్మల్ని గెలిపించింది, డబ్బు కట్టలేదు. ప్రతి లారీ నుంచి బలం పరీక్షకు తీసిన క్యూబులు (కాంక్రీటు దిమ్మలు) 28 రోజుల తర్వాత ల్యాబ్‌లో పాసయ్యాయని తెలిసేదాకా మాత్రం నాకు సరిగా నిద్రపట్టలేదు. స్లాబ్ మీద మడులు కట్టి పద్నాలుగు రోజులు నీళ్లు నిలబెట్టాం. బోరు చాలక ట్యాంకర్లు తెప్పించాం.

తర్వాతి స్లాబులు దాదాపు అలవాటుగా సాగిపోయాయి. మూడో అంతస్తు దగ్గర బావగారు బాల్కనీ పెంచుదామన్నారు. "రెండడుగులే కదయ్యా, ఎవరు కొలుస్తారు?" అన్నారు. ఆ రెండడుగులూ సెట్‌బ్యాక్‌లోకి, అంటే బిల్డింగ్ చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలోకి వస్తాయి. కొలిస్తే ఓసీ ఆగుతుంది, ఓసీ ఆగితే నా ఫ్లాట్ మార్ట్‌గేజ్‌లోనే ఉండిపోతుంది. బావగారితో ఆ మాట ఎలా అనాలో తెలియక నేను నిలబడితే అక్కే అంది: "మనందరి కోసం తమ్ముడు తన ఇల్లు రాసిచ్చాడు. మనం బాల్కనీ పెంచుకుంటామా?" బావగారు ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి సెంట్రింగ్ అంచు కొలత తనే దగ్గరుండి సరిచూశారు.

బాత్రూముల వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేయకముందే 48 గంటలు నీళ్లు నింపి పెట్టాం. ఎనిమిది ఫ్లాట్లలో ఒక్కచోట కింది సీలింగ్‌లో చెమ్మ కనిపించింది, నర్సమ్మ గారి ఇంటి పైన. ప్లాస్టరింగ్ ఆరలేదంతే అన్నాడు కాంట్రాక్టర్. బయటపడని లీకులు ఎన్నేళ్లు మనుషుల్ని పీడిస్తాయో మా పాత అద్దె ఇంట్లో అనుభవించాను. టైల్స్ ఆపించాను. పైపు గోడలోకి దూరేచోట మూల తెరిచి మళ్లీ పూత వేయించి, ఇంకో 48 గంటలు నింపి చూశాకే ఒప్పుకున్నాను.

2023లో ఓసీ వచ్చింది, మార్ట్‌గేజ్ విడుదలైంది. అధిక శ్రావణం దాటాక ఒకే వారంలో ఐదు గృహప్రవేశాలు జరిగాయి. మూసేసిన గోడల ఫోటోలన్నీ ఫ్లాట్ల వారీగా ఫోల్డర్లలో పెట్టి అందరికీ పంపాను. మొన్న నర్సమ్మ ఫోన్ చేసింది. "అన్నా, వంటింట్లో అల్మరాకి డ్రిల్ చేయిస్తున్నా. పైపు ఎక్కడుందో ఫోటోలో నాకు సరిగా తెలుస్తలేదు, జర చూసి చెప్తవా?" ఫోటో తెరిచి టేపు మీద అంకె చూశాను. కుడి మూల నుంచి 14 అంగుళాల దగ్గర పైపు ఉంది, దానికి అటూ ఇటూ జానెడు వదిలేసి కొట్టించమన్నాను.