ఖతర్ వీసా వచ్చింది గానీ, ఆ ఇంటర్వ్యూ మాత్రం మర్చిపోను

నిన్న సాయంత్రం వీసా వచ్చిందని ఫోనొచ్చింది. దోహాలో ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ పని. మా టెక్కలి కుర్రాళ్లు ఎలా వచ్చింది, ఎంతయింది అని ఒకటే అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

పాస్‌పోర్టు సులువుగానే అయిపోయింది. పదో తరగతి సర్టిఫికెట్ పెట్టడంతో ఈసీఆర్ ముద్ర (గల్ఫ్ లాంటి చోట్లకి పనికెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనేది) కూడా పడలేదు.

అసలు కథంతా విశాఖలో జరిగిన ఇంటర్వ్యూలోనే ఉంది. శ్రీకాకుళంలో కొన్నేళ్లు సప్లయర్‌గా చేశాను, ఆదివారం పొద్దున్న రద్దీలో ఒక్క చేతి మీద నాలుగు దోసె ప్లేట్లు పెట్టుకుని జనం మధ్యలోంచి నడిచినవాణ్ని. అందుకే వెయిటర్ పోస్టుకి పెట్టా. కోటు వేసుకున్నాయన నా ఫైలు తెరవకుండానే ఏ ఊరన్నాడు. శ్రీకాకుళం అన్నా. పక్కనున్నతనితో హిందీలో ఏదో అని నవ్వి, "మీవాళ్లు కన్‌స్ట్రక్షన్‌కి బాగుంటారు, ఇక్కడికెందుకొచ్చావ్?" అన్నాడు. నిలబడమన్నాడు, నవ్వమన్నాడు, పళ్లు చూశాడు, చేతులు తిప్పి గోళ్లు చూశాడు. సంతలో ఎడ్లని కూడా అంతకంటే మర్యాదగా చూస్తారు. తర్వాత నీళ్లు నింపిన గ్లాసులు ట్రేలో పెట్టి హాలు చివరిదాకా నడవమన్నాడు. నడిచా, చుక్క ఒలకలేదు. అయినా సరే, "ఫ్రంట్‌కి ఫిలిప్పీన్స్ వాళ్లు, నేపాల్ వాళ్లు కావాలి. నీకు హౌస్‌కీపింగ్ ఇస్తా. వద్దంటే బయట లైన్లో చాలామంది ఉన్నారు" అన్నాడు. ఈ మాటన్నది అరబ్బు కాదండీ, తెలుగువాడే. నేను మానేసిన హోటల్లో నా చోటుకి ఇప్పుడు ఒడిశా కుర్రాడొచ్చాడు, ఓనరు వాడికి నాకంటే తక్కువిస్తాడు. వాడి మీద నాకేం కోపం లేదు, వాడి అవసరం వాడిది. పనోడు ఎక్కడివాడైతే తక్కువకి వస్తాడో లెక్కలేసేవాళ్ల మీదే నా కోపం.

పరుపు మీద దుప్పటి పరిచి మూలలు మడవమంటే అక్కడున్న అందరికంటే ముందు నేనే మడిచా. అది మాత్రం రాసుకోండి.

హైదరాబాద్‌లో ఖతర్ వీసా సెంటర్ ఉంది. వేలిముద్రలు, మెడికల్, అగ్రిమెంటు అన్నీ అక్కడే, ఖర్చు కంపెనీదే. సంతకం పెట్టేముందు చూస్తే జీతం 1,000 రియాల్స్ అని ఉంది. ఏజెంటు నాకు చెప్పింది 1,800. తర్వాత తెలిసిందేంటంటే, 2021 మార్చి నుంచి అక్కడి చట్టం ప్రకారం ఏ దేశం వాడికైనా కనీస జీతం 1,000, కంపెనీ గది ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనం. మహానుభావుడు మూడూ కలిపి చెప్పాడు! నాకు గదీ తిండీ కంపెనీదే, అంటే చేతికొచ్చేది వెయ్యే. ఇంటి దగ్గర అప్పుంది, సంతకం పెట్టేశా.

ఏజెంటు ఫీజు రూల్ ప్రకారం 30,000, పైన జీఎస్టీ. మావాడు 90,000 అడిగాడు. రూలు ఫోన్లో తీసి చూపిస్తే గొంతు తగ్గించాడు గానీ రసీదు రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు, గట్టిగా కూర్చుంటే రాశాడు. మీరూ కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్లో ఏజెంటు లైసెన్సు నంబరు చూసుకున్నాకే డబ్బు తియ్యండి. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు అనేవాడి దగ్గర టీ కూడా తాగొద్దు.

2020 నుంచి ఖతర్‌లో కంపెనీ మారాలంటే పాత యజమాని ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, అక్కర్లేదు. కొన్నాళ్లు దుప్పట్లు మడిచి, వెయిటర్ పోస్టు ఎక్కడుంటే అక్కడికి పెట్టేస్తా.