2-1 రిజల్ట్స్ వచ్చాయి, గట్టెక్కాం

మొత్తానికి 2-1, అంటే ఇంజినీరింగ్ రెండో ఏడాది మొదటి సెమ్ రిజల్ట్స్ వచ్చేశాయి. బ్యాక్‌లాగ్స్ (ఫెయిలైన సబ్జెక్టులు) ఏం లేవు, అది చాలు అనుకున్నా గానీ ఎస్‌జీపీఏ (ఆ సెమ్ గ్రేడ్ల సగటు) చూస్తే కాస్త మనసు చివుక్కుమంది. ల్యాబ్‌లన్నిట్లో టాప్ గ్రేడ్ 'ఓ'నే వచ్చింది, ఏం లాభం, సగటులో లెక్కేసే బరువు, అంటే క్రెడిట్, మాకు ల్యాబ్‌కి ఉండేది ఒక్కటే, అదే నాలుగు క్రెడిట్ల సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో ఒక్క గ్రేడ్ తగ్గితే నాలుగు పాయింట్లు ఎగిరిపోతాయి. అందులో నాకు బి వచ్చింది, నిజం చెప్పాలంటే దానికే నేను ఫుల్ హ్యాపీ, ఎందుకంటే కన్వల్యూషన్ లెక్కలో ఒక సిగ్నల్‌ని తిరగేసి రెండోదాని మీదుగా జరుపుకుంటూ పోవడం, అవి ఎక్కడ కలుస్తాయో చూసుకుని లిమిట్స్ మార్చడం, ఇదంతా బుర్రకెక్కేసరికి సగం సెమ్ అయిపోయింది. ఏ ప్లస్ వచ్చిన ఇంకో సబ్జెక్ట్ ఉంది, అది ముందురోజు రాత్రి ఆల్ ఇన్ వన్ గైడ్ బట్టీ కొట్టి రాసిందే, ఇప్పుడడిగితే ఒక్క ముక్క రాదు (గ్రేడ్లు ఏం కొలుస్తాయో మరి).

నాన్న ఫోన్లో "ఎన్ని పోయాయిరా" అని ఒక్కటే అడిగారు, ఏం పోలేదంటే "సరే, తిన్నావా" అన్నారు, అంతే. రీవాల్యుయేషన్‌కి పెట్టాలా వద్దా అని రూమ్‌లో ఇంకా పంచాయితీ నడుస్తోంది, నేనైతే పెట్టట్లేదు, ఆ ఫీజుకి అందరం బిర్యానీ తినొచ్చు.