బంకులో డెన్సిటీ అడిగితే: నా అనుభవం

రొయ్యల చెరువులు ఉన్నవాళ్లకి డీజిల్ సంగతి బండ్లవాళ్ల సంగతిలా ఉండదు. అర్ధరాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట పోతుంది. మా చెరువులు భీమవరం దగ్గర. మొన్న వేసవిలో మా జనరేటర్ లోడు పడగానే దిగిపోయి ఆగడం మొదలుపెట్టింది. మెకానిక్ ఫిల్టర్ విప్పి చూపించాడు. లోపలంతా నల్లటి జిగురు. కొత్తది వేస్తే కొన్నాళ్లకే మళ్లీ అదే వరస.

"డీజిల్ కల్తీ అండి, బంకు మార్చెయ్యండి" అన్నాడు. గట్టు మీద ఎవరిని కదిపినా అదే మాట. ఒకాయన ఈ కంపెనీది మంచిదంటాడు, ఇంకొకాయన ఆ కంపెనీదంటాడు. నిజానికి కంపెనీలు ఒకదాని డిపో నుంచి ఇంకొకటి సరుకు తీసుకోవడం మామూలే. యానాంలో రేటు తక్కువంటే అక్కడ పన్ను తక్కువ కాబట్టి, సరుకు నాసిరకమని కాదు. బంకు మార్చే ముందు అసలు మంచి డీజిల్‌కి కొలత ఏమిటో తెలుసుకోవాలనిపించింది.

పెట్రోలుకి 91, 95 అని ఆక్టేన్ నంబర్లు చెబుతారు కదా, డీజిల్‌కి సీటేన్ నంబర్ ఉంటుంది. రెండూ ఎదురెదురు గుణాలు. ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు స్పార్కు పడేదాకా తనంతట తాను అంటుకోకుండా ఆగుతుంది. సీటేన్ ఎక్కువున్న డీజిల్ వేడి గాలిలో పడగానే ఆలస్యం లేకుండా అంటుకుంటుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని బంకుల్లోనూ బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించడానికి పెట్టిన ప్రమాణం) డీజిలే. దానికి సీటేన్ కనీసం 51 ఉండాలి, గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. బీఎస్-4లో గంధకం 50 దాకా ఉండేది. చిక్కేమిటంటే ఈ రెండూ బంకులో కొలిచేవి కావు. సీటేన్ చూడాలంటే ల్యాబులో దానికంటూ ఒక పరీక్ష ఇంజిన్ ఉండాలి. గేటు దగ్గర నిలబడి "మీ డీజిల్ సీటేన్ ఎంత?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు.

అడగాల్సింది డెన్సిటీ, అంటే ఇంత డీజిల్‌కి ఇంత బరువు అనే లెక్క. బీఎస్-6 డీజిల్‌కి 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకి 810 నుంచి 845 కిలోల మధ్య ఉండాలి. బంకువాళ్లు రోజూ పొద్దున్నే కొలిచి రిజిస్టర్‌లో రాస్తారు, అడిగిన కస్టమర్‌కి కొలిచి చూపించాలి కూడా.

నేను అడిగేసరికి నాజిల్ దగ్గరున్న కుర్రాడు మొహం చూశాడు. లోపల్నుంచి మేనేజర్ వచ్చి, "ఆయ్, చూపిస్తామండి, రద్దీ తగ్గనివ్వండి" అన్నాడు. ఎండలో కూర్చోబెట్టాడు గానీ మాట తప్పలేదు. పొడుగాటి గాజు జారులో నాజిల్ నుంచి డీజిల్ పట్టి, డెన్సిటీ చూపించే హైడ్రోమీటరు, వేడి చూపించే థర్మామీటరు వదిలారు. హైడ్రోమీటరు 818 చూపించింది. పొద్దుటి రిజిస్టర్‌లో చూస్తే 830. నాతో వచ్చిన మా బావమరిది అక్కడే గొడవకి సిద్ధమయ్యాడు. మేనేజర్ థర్మామీటరు చూపించాడు: 31 డిగ్రీలు. డీజిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది, డిగ్రీకి సుమారు 0.7 చొప్పున డెన్సిటీ తగ్గుతుంది. అందుకే ఏ వేడి దగ్గర కొలిచినా పట్టికలో చూసి 15 డిగ్రీలకి మార్చి రాస్తారు. పట్టిక ప్రకారం మాది 829 దగ్గరికి వచ్చింది. రాసి ఉన్నదానికీ కొలిచినదానికీ తేడా 3 దాటకూడదన్నది నియమం. కొత్త ట్యాంకర్ దిగితే, పాత సరుకుతో కలిశాక మళ్లీ కొలిచిన అంకెతోనే పోల్చాలి. ఇది తెలియకపోతే మన గోదావరి జిల్లాల ఎండకి ప్రతి బంకూ దొంగ బంకులాగే కనిపిస్తుంది.

కాగితం మీద చుక్క వేసి, ఆరాక మరక మిగిలిందా అని కల్తీ చూసే ఫిల్టర్ పేపర్ పరీక్ష అడుగుదామనుకునేవాళ్లకి ఒక మాట. అది పెట్రోలుకే. డీజిల్ చుక్క వేస్తే ఎంత మంచిదైనా జిడ్డు మరక మిగులుతుంది.

కిరోసిన్ ఎక్కువగా కలిపితే డెన్సిటీ పడిపోతుంది, పట్టుబడుతుంది. తెలివిగా వేరే నూనెలు కలిపి అంకె సరిచేస్తే మాత్రం ఈ పరీక్షకి దొరకదు, ల్యాబుకి పంపాల్సిందే. అందుకని డెన్సిటీ సరిపోయింది కాబట్టి డీజిల్ అమృతమని నేననను. కానీ మా ఫిల్టర్‌లో ఉన్నది కిరోసిన్ చేసే పని కాదు. అది చెప్పింది కూడా ఆ మేనేజరే. "నల్ల జిగురంటే నీళ్లండి. మా ట్యాంకు చూసుకోండి" అని డిప్ రాడ్‌కి వాటర్ పేస్ట్ రాసి ట్యాంకులో దింపించాడు. అడుగున నీళ్లుంటే పేస్ట్ రంగు మారాలి. మారలేదు.

ఇక మిగిలింది చెరువు గట్టు మీది డ్రమ్ము. డీజిల్ కొంచెం కొంచెంగా వాడుకుంటూ పోతే డ్రమ్ములో ఖాళీ పెరుగుతుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా చెరువు మీది తేమగాలి లోపలికి పోతుంది, రేకుకి చెమట పట్టి అడుక్కి దిగుతుంది. నీళ్లూ డీజిలూ కలిసేచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆ నల్ల జిగురు వాటి పనే. డ్రమ్ము అడుగునుంచి తోడించి గాజు సీసాలో పట్టిస్తే కింద నీళ్లు, మధ్యలో నల్లటి పొర, పైన డీజిల్ విడివిడిగా కనిపించాయి. మెకానిక్ కూడా చూశాడు, బంకు మాట మళ్లీ ఎత్తలేదు.

డ్రమ్ము కడిగించి, నీడలో కొంచెం వాలుగా పెట్టించాం. తీసే పైపు అడుగుకి తగలకుండా నాలుగు వేళ్లు పైకి కత్తిరించాం. అడుగుది అప్పుడప్పుడు వంపేస్తున్నాం. జనరేటర్‌కి డీజిల్‌లోంచి నీళ్లు విడదీసే వాటర్ సెపరేటర్ కూడా బిగించాం. నిజం చెప్పాలంటే ఖర్చంతా దానిదే.

ప్రీమియం డీజిల్ పోయమని కొందరు సలహా ఇచ్చారు. అందులో ఇంజెక్టర్లని శుభ్రంగా ఉంచే మందులు కలుపుతారు, కొత్త కార్లవాళ్లు వాడుకుంటే వాడుకోవచ్చు. డ్రమ్ములో దిగిన నీటిని అది తీసెయ్యదు. మా జనరేటర్ పాత ఇంజిన్‌కి లీటరుకి అదనంగా పెట్టడం నాకు దండగనిపించింది, మామూలు డీజిలే పోస్తున్నాం. బంకు కూడా అదే.